బోసవ్వ బిడ్డ

బిక్షమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్లో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు మీది కోపం ఒక తుమ్ము తుమ్మితే పోతుంది. బిక్షమ్మది కడుపులో కోపం. నలభై రెండేళ్లుగా అక్కడే ఉంది, ఆమెతోపాటే లేస్తుంది, ఆమెతోపాటే పనికి పోతుంది.

మక్తల్ దాటాక రోడ్డు దిగి మూడు మైళ్లు పోతే వచ్చే ఊరు వాళ్లది. అక్కడి బడిలో పద్నాలుగేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతుంది. మొగుడు సోమన్న బొంబాయి మట్టిపనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. కొడుకు డానియల్ పట్నంలో ఆటో నడుపుతాడు. ఆమెకు మిగిలింది బడి పొయ్యి, నలభై మూడు మంది పిల్లలు. ఏ పిల్లవాడు ఇంట్లో తినకుండా వచ్చాడో మొహం చూసి చెబుతుంది. "గుడ్డు ఇడిసిపెట్టి లేసినవంటే కాళ్లిరగ్గొడ్త" అని అరుస్తుంది. ఆ అరుపుకు భయపడిన పిల్ల ఒక్కతీ లేదు. ఎందుకంటే అరుస్తూనే రెండో గరిటె వేస్తుంది.

ఇక బోసవ్వ సంగతి చెప్పాలి. ముప్పై అయిదేళ్ల కింద ఒక సినిమా వచ్చింది. అందులో బోసవ్వ అని ఒక ముసలిది. బాణామతి చేస్తుందని, అంటే చేతబడి చేసి జనాన్ని చంపుతుందని, ఊరివాళ్లు ఆమెను అర్ధరాత్రి కాగడాల వెలుగులో కట్టేసి పళ్లు ఊడబీకుతారు. ఎవరు పీకారో కనబడదు, అంతా నీడలే. ఆ తర్వాత బోసవ్వ పగబట్టి, బోసినోటితో మంత్రం చదివి ఒక్కొక్కరినీ చంపుతుంది. "నమిలేతందుకు పండ్లు లెవ్వు బిడ్డా, గుటుక్కున మింగుడే" అని ఆమె అనే మాటకు హాళ్లలో ఈలలు మోగేవి. ఇప్పటికీ జాతరలో ఎవడో ఒకడు ముసుగేసుకుని ఆ మాట అంటాడు, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరుతారు.

నిరుడు ఆ సినిమా మళ్లీ తీస్తున్నామన్నారు. కొత్త బోసవ్వ పోస్టరు వదిలారు. ఒక పేరున్న హీరోయిన్, కళ్లకు కాటుక, నోట్లో ముప్పై రెండు పళ్లు! పైగా మా బోసవ్వ వెనక ఒక బాధ ఉందని దర్శకుడు చెప్పాడు. ఇంకేముంది, అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. బోసవ్వకు పండ్లేంది? బాధేంది? మాకు బాధ వద్దు, భయం కావాలె. పళ్లు పీకే సీను ఉన్నదున్నట్టు ఉండాలె, లేకపోతే హాలు ముట్టం. అన్నం లేక ఏడ్చేవాళ్లను చూశాం గాని, ఒక ముసలిదాని నోట్లో పళ్లున్నాయని ఇంతమంది ఏడవడం ఇప్పుడే చూస్తున్నాం.

ఆ గోలకు మా వైపు పెద్ద అశోక్‌కుమార్. బిక్షమ్మ ఊరివాడే, మక్తల్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం. బోసవ్వ పేరుతో ఫోన్లో ఒక పేజీ నడుపుతాడు, దానికి నలభై వేల మంది ఉన్నారు. ఒకనాడు వాళ్ల తాత దుర్గయ్య మనవడికి ఒక ముక్క చెప్పాడు: ఆ సినిమా కథ మన ఊరిదేరా, అసలు బోసవ్వ ఊరవతలి వాడల మల్లమ్మ. మల్లమ్మ అంటే బిక్షమ్మ తల్లి.

తెల్లారి అశోక్ ఫోను పట్టుకుని బిక్షమ్మ గడప ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. మీ అమ్మ గురించి జర చెప్పు. మస్తు పోతది వీడియో."

"ఏం చెప్పాలె?"

"మంత్రం సదివేదా? రాత్రిపూట యాడికన్న పోయేదా? గట్ల."

బిక్షమ్మ చేతిలో చీపురుంది. "నీ నోట్ల మన్ను వొయ్య! ఈడికెల్లి నడువ్ ముందుగాల!" అని అది ఎత్తింది. అశోక్ నవ్వుకుంటూ వెనక్కి జరిగాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

రెండు రోజులకు డానియల్ ఫోను చేశాడు. "అమ్మా, నువ్వు ఫోన్ల వచ్చినవే. పట్నమంత చూస్తున్నరు." జుట్టు చెదిరి, చీపురెత్తి అరుస్తున్న బిక్షమ్మ, వెనక సినిమాలోని ఆ భయపు సంగీతం. పైన పేరు: అసలు బోసవ్వ బిడ్డ ఈమెనే. రెండు లక్షల మంది చూశారు.

సోమవారం బడికి పదకొండు మంది ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. బుధవారం గుడ్డు రోజు. ఆ రోజు కూడా ఇరవై ఆరు డబ్బాలు. వంచిన అన్నం వంచినట్టే ఉంది. రెండో తరగతి పిల్ల ఒకతె దగ్గరికి వచ్చి, మెల్లగా, తప్పు చేసినట్టు చెప్పింది. "అవ్వా, మా అమ్మ నీ చేతి అన్నం తినొద్దన్నది. తింటే పండ్లు ఊడిపోతయంట."

బిక్షమ్మ గరిటె కింద పెట్టింది. గంజి కుండ దగ్గరికి పోయి కూర్చుంది. పద్నాలుగేళ్లలో ఆ పొయ్యి ముందు ఆమె ఏడ్చింది అదే మొదటిసారి.

శుక్రవారం హెడ్మాస్టరు వీరేశం సారు పిలిచాడు. "బిక్షమ్మా, కొన్నొద్దులు పనికి రాకు. సినిమా గోల తగ్గినంక చూద్దాం. తల్లిదండ్రులు ఒప్పుకోవాలె గద. నాకైతే ఏం లేదు."

ఈ "నాకైతే ఏం లేదు" అనే మాట ఉందే, ఊళ్లు కూల్చేది అదే. నలభై రెండేళ్ల కింద కూడా ఊరంతా ఆ మాటే అంది.

అప్పుడు బిక్షమ్మకు పదహారేళ్లు. మల్లమ్మ మేకను ఊళ్లో ఒక ఇంటివాళ్లు రాయి పెట్టి కొట్టి కాలు విరిచారు. ఆమె ఆ ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. పేదదానికి ఉన్నది నోరొక్కటే మరి. వారం తిరగకుండా ఆ ఇంట్లో పసిపిల్లవాడు జ్వరమొచ్చి చనిపోయాడు. ఇంకేం, మల్లమ్మ బాణామతి చేసిందన్నారు. పళ్లు లేకపోతే నాలుక తిరగదు, మంత్రం పలకదు, పీకేస్తే సరి అన్నారు. పీకారు. మల్లమ్మ ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బతికింది. బిక్షమ్మ పిసికి పెట్టిన అన్నం తింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పరాయివాళ్లతో ఒక్క మాట మాట్లాడకుండా బతికింది. పోలీసులు రాలేదు. సినిమా వచ్చింది.

ఆదివారం పొద్దున అశోక్ ఇంటి ముందు షామియానా వేశారు. సినిమావాళ్ల దగ్గరనుంచి మనస్విని అనే అమ్మాయి వచ్చింది, దర్శకుడి దగ్గర పనిచేస్తుందట. అభిమానులు ఏం కోరుకుంటున్నారో రాసుకుపోతుందట. ఒక అరవై మంది కుర్రాళ్లు. ముందు కుర్చీలో ఎనభై ఆరేళ్ల దుర్గయ్య, భుజాన శాలువా. అసలు బోసవ్వను కళ్లారా చూసిన పెద్దమనిషి అని మైకులో పరిచయం చేశారు.

బిక్షమ్మ వచ్చేసరికి ఈలలు. "బోసవ్వ బిడ్డ వచ్చిందిరా!" అరవై ఫోన్లు లేచాయి. ఆమె ఎవరినీ అడక్కుండా మైకు అందుకుంది.

"నా పేరు బిక్షమ్మ. మా అమ్మ పేరు మల్లమ్మ. బోసవ్వ కాదు. పండ్లుంటెనే మంత్రం పలుకుతదని పీకిండ్రు గద, మరి మీ సినిమాల బోసి నోటితోని మంత్రం ఎట్ల సదువుతాంది? గీ రెండిట్ల ఏది నిజమో జర చెప్పుర్రి!"

ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

"రాత్రి పీకలే. కాగడాలు లెవ్వు. పొద్దున పది గంటలయ్యింది, బడి గంట గూడ కొట్టిండ్రు. నేను చావడి మెట్లమీద నిలవడ్డ. మా అమ్మ చేతులు పట్టుకున్నది మారయ్య. కాళ్లు పట్టుకున్నది గుర్వయ్య. ఇద్దరు సచ్చిపోయిండ్రు. పట్టుకారు పెట్టి గుంజినోడు బతికే ఉన్నడు. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. 'మామా, మామా, ఇడువు' అని కాళ్ల మీద వడ్డ. తన్నిండు."

ఆమె చెయ్యెత్తి ముందు కుర్చీని చూపించింది.

"దుర్గయ్య. అశోకూ, మీ తాత."

దుర్గయ్య తల వంచుకుంటాడేమో అనుకున్నారు. వంచుకోలేదు. "అవ్, చేసినం. ఊరికోసం చేసినం" అన్నాడు. "గప్పటి రోజులు గవి. ఇప్పుడెందుకు తవ్వుతవ్?"

మనస్విని కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచి పిల్లే. లేచి బిక్షమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీ అమ్మగారి బాధ సినిమాలో తప్పకుండా చూపిస్తాం. కాకపోతే ఆ సీను మాత్రం రాత్రే తీయాలి. పగలు, మొహాలు కనబడేలా తీస్తే భయం రాదమ్మా."

"రాదా?" అంది బిక్షమ్మ. "నాకు నలభై రెండేండ్ల సంది పోలేదు బిడ్డా."

అప్పుడు అశోక్ లేచాడు. మొహం నల్లబడిపోయింది. "అన్నా, ఫోన్లు దించుర్రి. ఎవరూ వీడియో పెట్టొద్దు" అని అందరినీ బతిమాలుతున్నాడు.

"ఎందుకు దించాలె?" అని బిక్షమ్మ వాడి ముందుకు పోయింది. "పెట్టు. రేపు బువ్వ టైముకు పెట్టు. గా పిల్లల తల్లులు చూడాలె."

"తాత ముసలోడు పెద్దమ్మా. ఇజ్జత్ పోతది. నా వీడియో గూడ తీసేస్త, సరేనా?"

"మీ తాతదైతే ఇజ్జత్," అంది బిక్షమ్మ, "మా అమ్మదైతే సినిమానా?"

ఆ పూట అశోక్ తన వీడియో తీసేశాడు. షామియానా కింద తీసింది మాత్రం ఎవరూ పెట్టలేదు. అరవై ఫోన్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా ముందుకు రాలేదు. బోసవ్వ కోసం హాలు ముట్టమన్న వీరులు, ఒక ముసలివాడి పరువు కోసం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఇళ్లకు పోయారు.

సోమవారం తొమ్మిదింటికి వీరేశం సారు బడికి వచ్చేసరికి పొయ్యి మండుతోంది.

"బిక్షమ్మా, నేను చెప్పిన గద?"

"చెప్పినవ్ సారూ. కాయితం మీద రాసిచ్చి సంతకం పెట్టు, పోత. ఎందుకు తీసేసినవో గూడ రాయి."

సారు రాయలేదు. బాణామతి అని కాగితం మీద ఎవరు రాస్తారు?

పన్నెండున్నరకు పిల్లలు వరసగా కూర్చున్నారు. గేటు దగ్గర తల్లులు కొందరు నిలబడి చూస్తున్నారు. బిక్షమ్మ ఒక ప్లేటులో అన్నం, పప్పు వేసింది. గోడకు వేలాడుతున్న రిజిస్టరు తీసుకుని తిన్నగా సారు బల్ల దగ్గరికి పోయింది. పిల్లలకు పెట్టకముందు టీచరు రుచి చూసి సంతకం చేయాలన్నది సర్కారు రూలు. పద్నాలుగేళ్లుగా సారు సంతకం చేస్తున్నాడు. తినేది మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా. పిల్లల తల్లులకు వారం కింద వచ్చిన భయం సారుకు మొదటినుంచీ ఉంది, పేరే వేరు.

"తిను సారూ. తిన్నంకనే సంతకం."

"ఇప్పుడు ఆకలి లేదు బిక్షమ్మా..."

"ఆకలికి కాదు. నీకైతే ఏం లేదంటివి గద? గా ముచ్చట పిల్లలకు చూపెట్టు."

నలభై మూడు మంది పిల్లలు తలలు తిప్పి చూస్తున్నారు. సారు చెమట తుడుచుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కలం తీశాడు. బిక్షమ్మ రిజిస్టరు వెనక్కి లాక్కుంది.

"ఒక్క ముద్దకు రుచి తెల్వది. ప్లేటు ఖాళీ కావాలె."

సారు తిన్నాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చివరి మెతుకు దాకా అక్కడే నిలబడింది. తర్వాత గరిటె తీసుకుని వరస మొదట్లోకి పోయింది. రెండో తరగతి పిల్ల డబ్బా మూత పెట్టి, ప్లేటు ముందుకు జరిపింది.

ఆ రోజు ఇరవై ఎనిమిది మంది తిన్నారు. పదిహేను మంది తినలేదు. ఆ పదిహేను మంది పేర్లు బిక్షమ్మకు తెలుసు. నలభై రెండేళ్ల కింద ఆ పొద్దున పది గంటలకు చావడి ముందు నిలబడి చూసిన వాళ్ల తాతల పేర్లు కూడా తెలుసు.