జమ్మి చెట్టు దాకా

డాక్టరమ్మ నా ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, "అంకుల్, కుడి మోకాల్లో ఎముకల నడుమ సందే మిగల్లేదు" అంది. మోకాలి సంగతి కన్నా ముందు నాకు ఆ "అంకుల్" గుచ్చుకుంది. మా తాత పోలీస్ పటేల్. ఆ హోదాను సర్కారు ఎప్పుడో తీసేసినా, పెద్దేముల్ వైపున్న మా ఊళ్ళో నన్ను ఇప్పటికీ "పటేలా" అనే పిలుస్తారు. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్యాంటు తొడ దాకా మడుచుకుని కూర్చున్న మనిషికి అవేవీ ఉండవు. అక్కడ నేను టోకెన్ పిలిస్తే లేచి రావలసిన అంకుల్‌ని.

"ఆస్టియో ఆర్థరైటిస్ అంటం దీన్ని. గుజ్జు అరిగింది. అరిగింది మళ్ళ రాదు. అట్లని మంచం ఎక్కితే ఉన్నది కూడ బిగుసుకపోతది. రోజు నడవాలె, తొడ కండరం గట్టిగ చేసుకోవాలె. మెట్లు తగ్గించండి. కింద మాత్రం కూర్చోవద్దు."

"ఎప్పుడన్న ఒకసారి?"

"ఎందుకు, పూజలకా?"

"పూజకే."

"కుర్చీ ఏసుకొని చెయ్యండి అంకుల్. దేవుడేమనడు."

దేవుడు ఏమీ అనడని నాకూ తెలుసు. నేను అడిగింది దేవుడి గురించి కాదు.

మా భూములు పోయాయి. కొన్ని చట్టానికి, కొన్ని కోర్టులకు, మిగిలినవి మా చిన్నతాతల దర్జాకు. ఇల్లు కూలితే దూలాలు ఒకరు, గడప బండలు ఒకరు పట్టుకుపోయారు. ఒకప్పుడు మా కందులు బండ్ల మీద తాండూరు గంజ్ మార్కెట్‌కు పోయేవి. ఇప్పుడు నేను వికారాబాద్‌లో అద్దెకుంటూ, రోజూ రైలెక్కి తాండూరు పోయి, ఒక పప్పు మిల్లులో గుమాస్తాగిరీ చేస్తాను. ఇదంతా నేను మింగాను. మింగగలిగానంటే, సంవత్సరంలో ఒక్క సాయంత్రం నాకు మిగిలి ఉండటం వల్ల.

దసరా నాడు ఊరు జమ్మికి పోతుంది. ముందు మా ఇంటి మగవాడు నడవాలి. జమ్మి చెట్టు కింద పీట మీద కూర్చుని పూజ చేయాలి, లేచి మొదటి కొమ్మ తుంచాలి. అంతవరకు ఇంకెవరూ చెట్టు మీద చెయ్యి వేయరు. మొదటి ఆకు, అదే మేము బంగారం అనుకునేది, మా చేతి నుంచే ఊరికి అందాలి. దీనికి కాగితం లేదు, పట్టా లేదు. ఉన్నది ఒక్కటే షరతు: చెట్టు దాకా సొంత కాళ్ళ మీద రావాలి, నేల మీద కూర్చోవాలి. మా నాయన ఆఖరి ఏడు జ్వరంతో వణుకుతూ నడిచాడు. బండి కట్టిస్తామంటే, "బండి ఎక్కి వచ్చినోనికి పీట ఎందుకు?" అన్నాడు. ఆ మాట నా ముందే అన్నాడు.

డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చిన మర్నాడే నడక మొదలుపెట్టాను. చదును నేల మీద మెల్లగా నడవమంది ఆమె. చదును నేల మీద మెల్లగా నడవటం రోగుల పని అనిపించింది. అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కాను. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి చిప్ప కింద ఎవరో ఇసుక పోసి రుద్దుతున్నట్టు అయింది. ఇల్లు చేరేసరికి మోకాలు వాచి, ప్యాంటు కాలు పైకి రాలేదు.

నా భార్య ఐసుగడ్డలు గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఎక్కుమన్నదా డాక్టరమ్మ గుట్ట?"

"అనలేదు."

"మీ మోకాలు గూడ పటేల్ మోకాలే. ఎవ్వలేం చెప్పినా ఇనది."

ఆ రోజు నుంచి చెప్పినట్టే విన్నాను. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో మెత్తటి బూట్లతో నడక. ఇంటికొచ్చి మోకాలి కింద టవల్ చుట్ట పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించటం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవటం, మళ్ళీ కూర్చోవటం. ఇవి పసిపిల్లలు అవలీలగా చేసే పనులు. నేను పళ్ళు బిగబట్టి చేశాను. కర్ర పట్టుకొమ్మంటే మాత్రం పట్టుకోలేదు.

రైలు స్టేషన్ వంతెన దిగటం ఒక ప్రదర్శన అయిపోయింది. పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగేవాణ్ణి. వెనక జనం ఆగిపోయేవారు. ఒకతను "జర జరుగు పెద్దమనిషీ, బండి పోతది" అన్నాడు. రైల్లో ఎదురు కూర్చున్న ప్రతివాడూ వైద్యుడే. ఒకరు మెంతులు నానబెట్టి తినమన్నారు, ఇంకొకరు కుల్కచర్ల దగ్గర పసరు కట్టు వేయించుకోమన్నారు. కర్ణాటక వైపు పోయే ఒకామె కన్నడంలోనే మొదలుపెట్టి, తన మోకాలి కథ నేను తాండూరులో దిగేదాకా చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఆమెకు అది అడ్డం కాలేదు.

అన్నిటికన్నా పెద్ద అవమానం ఆ స్టూలు. మా అద్దె ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డే ఉంది. దాని మీద వేసుకోవటానికి మధ్యలో తొర్ర ఉన్న తెల్లటి ప్లాస్టిక్ స్టూలు నా భార్య బజారు నుంచి ఆటోలో తెచ్చింది. వీధి వీధంతా చూసేలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"కాగితమన్న చుట్టి తేవద్దా?"

"చుట్టి తెస్తే సింహాసనమైతదా?"

దాని మీద కూర్చోవటానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత అది లేకుండా గడవలేదు.

దసరా దగ్గర పడుతుంటే, భార్య కూరగాయలకు పోయినప్పుడు పూజగదిలో పీట వేసుకుని కూర్చోవటం మొదలుపెట్టాను. డాక్టరమ్మ వద్దన్నది ఇదొక్కటే అని తెలుసు. కానీ నేను ఇన్నాళ్ళూ టవల్ చుట్ట నొక్కింది ఇందుకే. కూర్చోవటం వచ్చింది. ద్వారబంధం పట్టుకుని లేవటం కూడా వచ్చింది. ధైర్యం చిక్కింది. జమ్మి చెట్టు కింద ద్వారబంధం ఉండదన్న సంగతి, ఎందుకో, నాకు ఒక్కసారైనా తట్టలేదు.

పండుగ నాడు తాండూరులో దిగి, షేరింగ్ ఆటోలో ఊరి పొలిమేర దాకా పోయాం. అక్కడ ఆటో ఆపించి దిగాను. ఊళ్ళోకి నడిచే పోవాలని. గ్రామపంచాయతీ దగ్గర మాజీ సర్పంచ్ ఎదురొచ్చాడు. వాళ్ళ నాయన మా కొట్టంలో పశువులు చూసుకునేవాడు. ఇతనికి ఇప్పుడు రెండు జేసీబీలున్నాయి. మంచి మనిషి. అదే నాకు కష్టం.

"పటేలా, మోకాళ్ళు ఖరాబైనయంట గద?"

నేను భార్య వంక చూశాను. ఆమె పక్కింటి ముగ్గు వంక చూసింది.

"ఎవలన్నరు?"

"మీ ఇంటామె మా ఇంటామెకు ఫోన్ల చెప్పింది. ఫికర్ జెయ్యకు, నా కారుంది. జమ్మి కాడ దింపుత."

"నడుస్త."

"నడువు, ఎవలొద్దన్నరు! ఊకెనే అడిగిన."

సాయంత్రం ఊరేగింపు బయల్దేరింది. ఒకప్పుడు డప్పులు ముందుండేవి, డప్పు నడిస్తే జనం నడిచేవారు. ఇప్పుడు ట్రాక్టర్ మీద డీజే. అది ప్రతి మూల మీదా ఆగుతుంది. పోరగాళ్ళు దాని ముందు చెమటలు కక్కుతూ ఎగురుతారు. పాట అయిపోతే ఇంకో పాట. ముందుండవలసిన నేను ముందే ఉన్నాను, కదలకుండా. నెలలుగా నేను సాధన చేసింది నడవటం. నిలబడటం కాదు. మూడో మూల మీద కుడి కాలు కర్రలా బిగుసుకుంది. బరువు ఎడమ కాలి మీదికి మార్చాను, అదీ మొరాయించింది.

"పటేలా, జర ట్రాక్టర్ పట్టుకో" అని మాజీ సర్పంచ్ చెవిలో అరిచాడు.

పట్టుకోలేదు. వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను. ఎవరి కోసమో ఇప్పటికీ చెప్పలేను. అందరూ డీజేను చూస్తున్నారు.

జమ్మి కాడికి చేరేసరికి పొద్దు గూకుతోంది. చెట్టు కింద పీట ఉంది. పీట పక్కన ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాని మీద కొత్త టవల్ పరచి ఉంది.

"అయ్యగార్ని గూడ అడిగిన. కుర్చీ మీద కూసున్నా నడుస్తదన్నడు" అన్నాడు మాజీ సర్పంచ్.

"పీట చాలు."

వంగాను. చివరి జానెడు దూరం కూర్చోలేదు, పడ్డాను. పూజ జరిగింది. మంత్రాలు నాకు వినిపించలేదు, మోకాల్లో నిప్పు మాత్రం తెలిసింది. అయ్యగారు కొబ్బరికాయ కొట్టించి, "ఇగ లేవండి, కొమ్మ తుంచండి" అన్నాడు.

చేతులు నేలకు ఆనించాను. ఎడమ కాలు కదిలింది. కుడి మోకాలు మడిచింది మడిచినట్టే ఉంది. చెయ్యి దేన్నో పట్టుకోబోయి గాల్లో ఆగింది. మళ్ళీ ప్రయత్నించాను. పూజ కోసం డీజే ఆపారు. ఊరంతా ఆ నిశ్శబ్దంలో నన్నే చూస్తోంది. వెనక నుంచి ఒక ఆడగొంతు, "లేస్తలేడా?" అంది.

మాజీ సర్పంచ్, ఇంకొకతను ముందుకొచ్చి, నా చంకల కింద చేతులు పెట్టి లేపారు. మిల్లులో కందుల బస్తాను అలాగే లేపుతారు. నిలబడ్డాక ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. వెక్కిరింపు కాదు. వెక్కిరింపైతే బాగుండేది. పిల్లాడు మొదటి అడుగు వేస్తే కొట్టే చప్పట్లు అవి.

కొమ్మ తుంచాను. ఆకులు పంచాను. అందరూ తీసుకుని కళ్ళకద్దుకున్నారు, అలాయ్ బలాయ్ అంటూ గుండెకు హత్తుకున్నారు. అది అయిపోక ముందే మాజీ సర్పంచ్ పెద్దమనుషుల మధ్య నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"వచ్చే ఏడు నుంచి పటేల్‌ను ఇట్ల తిప్పలు పెట్టొద్దు. పీట మీద తలా ఒక ఏడు, వంతులేసుకుందం. పటేల్‌కు మాత్రం స్టేజి మీద కుర్చీ, శాలువ. మన ఊరి పెద్దమనిషాయె."

"మంచి మాట" అన్నారు అందరూ. ప్రేమగా అన్నారు.

ఎవరైనా ఎదురు తిరిగి, నీకేం హక్కుంది అని అడిగి ఉంటే నా దగ్గర జవాబుంది. మా తాత నుంచి మా నాయనకు, మా నాయన నుంచి నాకు ఆ జవాబు తయారుగా వచ్చింది. అడగలేదు. చంకల కింద చేతులు పెట్టి లేపి, దుమ్ము దులిపి, ఆ హక్కు తీసుకున్నారు. దానికేం చెప్పాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

"సరే" అన్నాను.

తిరుగు ఆటోలో నా భార్య, "మీ మీద ప్రేమతోనే అన్నరు" అంది.

"తెలుసు. ఇగ మాట్లాడకు."

కొన్నాళ్ళు నడక మానేశాను. దేనికోసం నడవాలి? మోకాలు నా అలకను పట్టించుకోలేదు. పొద్దున్నే మంచం మీంచి దిగుతుంటే బిగుసుకున్న తలుపులా మొరాయించింది. డాక్టరమ్మ తిట్టింది. మళ్ళీ గ్రౌండ్, మళ్ళీ టవల్ చుట్ట. ఈసారి కర్ర కూడా పట్టుకున్నాను. ఇక ఎవరి ముందు దాచుకోవాలి? ఆ కర్ర వల్లో, బరువు తగ్గటం వల్లో, ఏడాది తిరిగేసరికి నొప్పి బాగా తగ్గింది. వంతెన మెట్లు పక్కకు తిరగకుండా దిగుతున్నాను. "మీలాగ అందరు చేస్తే నాకు పనే ఉండదు అంకుల్" అని డాక్టరమ్మ మెచ్చుకుంది. సంతోషించాలని చూశాను.

ఈ దసరాకు కూడా పోయాను. జమ్మి చెట్టు పక్కనే వేసిన స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పారు. పీట మీద వంతు గొల్లవాళ్ళ ఇంటి నడివయసు మనిషిది. అతను పీట మీద కూర్చోవటం చూశాను. చేతులు ఎక్కడా ఆనించలేదు, కింద నేల ఉందో లేదో కూడా చూడలేదు. పూజ అయ్యాక మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచాడు. తను ఏం చేశాడో అతనికి తెలియదు.

కొమ్మ తుంచి, మొదటి ఆకు పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను.

"కూసో పటేలా, లేవకు, మోకాళ్ళు నొస్తయి" అన్నాడు.

"నొస్తలేవు" అన్నాను.

అది నిజం. అతను ఆకు ఇచ్చాడు. చెయ్యి చాపి తీసుకున్నాను. ఇచ్చేటప్పుడు మన చెయ్యి పైన ఉంటుంది, తీసుకునేటప్పుడు కింద. మా ఇంటివాళ్ళలో జమ్మి చెట్టు దగ్గర అలా చాపిన మొదటి చెయ్యి నాది.