సున్నాకు బదులు ఓ

ఆవిడ ఓ ఆఫీసులో టైపిస్టు. మరిది టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరు కొని, వారం ఆడి, విసుగొచ్చి అటకెక్కించాడు. ఆవిడ దాన్ని దించి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. మూడేళ్ళు కుస్తీ పట్టి నలభై ప్రోగ్రాములు రాసింది. ఎవరింట్లో వాళ్ళు చూసి టైపు చేసుకునేలా వాటిని ఓ ప్రచురణకర్త చేత పుస్తకంగా వేయించింది.

అట్ట మీద తన పేరు చూసుకుని మురిసిపోయింది. ఆ మురిపెం పది రోజులైనా నిలవలేదు. ఉత్తరాలు మొదలయ్యాయి. "అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. ఒక్కటీ నడవలేదు. అసలు మీరెప్పుడైనా కంప్యూటరు ముట్టుకున్నారా?"

ఆవిడ ఉన్నపళంగా ప్రెస్సుకు వెళ్ళింది. అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు తాపీగా చెప్పాడు.

"ప్రతి వరుసకీ పది, ఇరవై, ముప్పై అని నంబర్లు వేస్తే నేనేం చెయ్యనమ్మా? అక్షరాల గళ్ళలో సున్నా అచ్చులు అయిపోయాయి. ఇంగ్లీషు ఓ వేశాను. రెండూ గుండ్రంగానే ఉంటాయిగా!"

"మనకి గుండ్రమే నాయనా, మెషీనుకి కాదు."

సవరణ చీటీ వేస్తే తప్ప కదలనని ప్రచురణకర్త ఎదుట భీష్మించుకు కూర్చుంది. పోయిన పరువు ఆవిడది మరి. ఆయన చిరాగ్గా సరేనన్నాడు.

చీటీలు అచ్చయి, అమ్ముడుపోని ఎనిమిది వందల పుస్తకాలతో కలిసి ఆవిడ ఇంటికే వచ్చాయి, జిగురు సీసాతో సహా. అంటించడానికి అక్కడ మనుషులు లేరట. చీటీ పై వరుసలో ఇలా ఉంది: "రచయిత్రి అనుభవలేమి వల్ల దొర్లిన తప్పులకు చింతిస్తున్నాం." దాని కింద ఏ పేజీలో ఏ 'ఓ'ని సున్నాగా మార్చుకోవాలో అంతా సరిగ్గానే ఉంది.

"చీటీలో ఒక్క అక్షరం చెరిపినా పుస్తకాలన్నీ తూకానికి వేసేస్తానని అయ్యగారు చెప్పమన్నారు," అన్నాడు బండివాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కంపోజిటరు నిర్వాకానికి తాను చెంపలేసుకోవాలా?

"చింపి పారెయ్యి వదినా! నీ మొహాన నువ్వే మసి పూసుకుంటావా?" అన్నాడు మరిది.

"చింపితే ప్రోగ్రాములు నడవవుగా."

ఎనిమిది వందలూ తన చేత్తోనే అంటించింది. ఏడుస్తూనే అంటించింది.

మళ్ళీ ఉత్తరాలొచ్చాయి. ప్రోగ్రాములు భేషుగ్గా నడుస్తున్నాయట. "ఈసారి రాసేటప్పుడు కంప్యూటరు తెలిసినవాళ్ళకి ఒకసారి చూపించుకోండమ్మా," అని సలహా కూడా ఇచ్చారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆవిడ ఆఫీసు ఉత్తరాలు తప్ప మరేమీ టైపు చేయలేదు.