ఖాజాగూడకు ఇంకొక్కరు

మా ఆఫీసు మాదాపూర్ నుంచి ఖాజాగూడ అవతలికి మారుతోందని తెలిసిన వారంలోనే నన్ను టీమ్ లీడ్‌ను చేశారు. పొద్దున జరిగే మీటింగు ఇకపై నేనే నడపాలి. ఇన్నేళ్లూ ఎవరో నడుపుతుంటే వెనక కూర్చుని తల ఊపినదాన్ని. ఆ తల ఊపడంలో నన్ను మించినవాళ్లు లేరు. అయినా ముందు కుర్చీ ఎదురయ్యేసరికి, అది నాకు నిజంగానే కావాలనిపించింది.

మేం చేసే పని గురించి ఒక మాట చెప్పాలి. ఎక్కడో విదేశంలో ఓడ దిగిన సరుకు పెట్టె రైలెక్కి, రైలు దిగి లారీ ఎక్కేదాకా మధ్యలో ఊరికే నిలబడిపోకుండా చూసే సాఫ్ట్‌వేర్ మాది. పెట్టె కాస్త ఆగితే చాలు, మా తెర మీద ఎర్ర గీత వెలుగుతుంది. నేనుండేది ప్రగతి నగర్‌లో. నేను ఆగితే ఏ గీతా వెలగదు. పెట్టెగా పుట్టినా బాగుండేదని అనుకున్న రోజులున్నాయి.

కొత్త ఆఫీసుకు చేరాలంటే ఇంటి దగ్గర షేర్ ఆటో, తర్వాత మెట్రో, అమీర్‌పేటలో దిగి ఇంకో మెట్రో, రాయదుర్గంలో దిగి బస్సు. మా ఆయన అనంతపురం మనిషి, ఏదైనా కళ్లతో చూస్తేగాని నమ్మడు. ఒక ఆదివారం ఇద్దరం రిహార్సల్‌కు బయల్దేరాం. రైల్లో సీట్లు దొరికాయి. రాయదుర్గంలో బస్సు మా కోసమే ఆగినట్టు నిలబడి ఉంది. "చూస్తివా? ఊరికే భయపడితివి" అన్నాడాయన. మూసి ఉన్న ఆఫీసు గేటు ఎదుట టీ తాగి, విజయగర్వంతో ఇల్లు చేరాం. జనం లేని రోజు పరీక్షించి సాఫ్ట్‌వేర్ పాసైందని ఎవరైనా అంటే వాళ్లను మందలించేది నేనే. సొంత ప్రయాణం దగ్గర ఆ తెలివి రాలేదు.

సోమవారం రాయదుర్గంలో మెట్లు దిగేసరికి బస్సు వీపు కనిపించింది. ఆ తర్వాత కూడా ఆ బస్సుతో నాకు ఎక్కువగా వీపు పరిచయమే. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు లేని తోడికోడళ్లలాంటివి ఆ రైలూ బస్సూ. ఒకటి వచ్చే వేళకు ఇంకొకటి తలుపేసుకుని వెళ్లిపోతుంది.

చేసేది లేక అక్కడున్న షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు ఖాజాగూడ ఊరివాడే, నాకంటే చిన్నవాడు. బండి నిండితేగాని కదలడు.

"కాస్త తొందరగా పోనీ తమ్ముడూ, మీటింగుంది."

"నాగ్గూడ ఫికరే అక్కా. సగం బండి ఏసుకొని పోతే ఏం మిగుల్తది? ఇంకొక్కరు రానీ."

మీటింగు ఆటోలోనే, ఫోనులో మొదలుపెట్టాను. ఓడరేవులో ఒక పెట్టె రైలు అందుకోలేకపోయింది, దానికి బాధ్యులెవరని నేను గంభీరంగా అడుగుతుండగా, ముందు సీటులోంచి "ఖాజాగూడ! ఖాజాగూడ! ఇంకొక్కరు!" అని డ్రైవరు కేక. విదేశీ క్లయింటు, మీరేమైనా స్టేషన్‌లో ఉన్నారా అని మర్యాదగా అడిగాడు. నేను క్షమాపణలు చెప్పుకుంటూ ఉంటే డ్రైవరు అద్దంలోంచి నా వంక చూశాడు. ఆ తర్వాత బస్సు అందని రోజుల్లో అతని బండే ఎక్కేదాన్ని.

ఇంకాస్త ముందే బయల్దేరవచ్చు కదా అని మీరనవచ్చు. బయల్దేరాను. అమ్మాయికి జడలు వేయడం మా ఆయన నేర్చుకున్నాడు. ఆ రెండు జడలూ చెరో దిక్కు చూస్తూ స్కూలుకు వెళ్లేవి. అయినా నేను ఒకరోజు తాళం తీయకముందే ఆఫీసుకు చేరేదాన్ని, మర్నాడు మీటింగు సగమయ్యాక. ప్రయాణం ఎంత పొడవైనా సర్దుకోవచ్చు. ఎంత పొడవో తెలియకపోతే దేన్ని సర్దుకుంటాం?

చివరికి మా మేనేజరు పిలిచాడు. గోదావరి వైపు మనిషి, కఠినంగా మాట్లాడటం చేతకాదు. "మీ పనిలో లోటేం లేదండి. కానీ మీటింగు టైముకి మనిషి కుర్చీలో ఉండాలి కదండీ. మీ టీములో చిన్నబ్బాయి ఉన్నాడు కదండీ, కొన్నాళ్లు అతను చూసుకుంటాడులెండి."

ఆ అబ్బాయి ఆఫీసు ఎదురుగా హాస్టల్లో ఉంటాడు. "మీకు కోపం లేదు కదా అక్కా?" అని వచ్చి అడిగాడు. అతని మీద కోపమెందుకు? రోడ్డు దాటితే ఆఫీసు. అర్హతల్లో అనుభవం, నేర్పు అని రాస్తారు. దూరమని ఎక్కడా రాయరు గానీ తూకంలో అదీ పడుతుంది. మెట్రోలో రోజూ నా పక్కన కనిపించే ఒకావిడ, ఇంతకంటే మంచి ఉద్యోగం వస్తే చేరలేకపోయానని చెప్పింది. అక్కడికి రైలూ లేదు, రైలు దిగాక బస్సూ లేదు. దేశం ముందుకు పోతోందంటే నేను కాదనను. పోయేవాళ్లలో చాలామందిమి మాత్రం రైలుకీ బస్సుకీ మధ్య నిలబడి ఉన్నాం.

మర్నాడు ఆటోలో ఫోను బ్యాగులోనే ఉంచి కూర్చున్నాను.

"ఏందక్కా, ఇయాల మీటింగ్ లేదా?"

"ఉంది. ఇప్పుడు వేరేవాళ్లు మాట్లాడతారు."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "గట్లెట్ల జేస్తరు? నువ్వు మాట్లాడేటప్పుడు లొల్లి వద్దని నేను ఒర్రుడే బందుపెట్టిన గద!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి రోజు తర్వాత నా మీటింగులో ఖాజాగూడ కేక వినపడలేదు. ఊరే మెత్తబడిందనుకున్నాను. అన్ని రోజులూ అతను అరవకుండా, దొరికినవాళ్లనే ఎక్కించుకుని, ఖాళీ సీటుతోనే నన్ను తీసుకెళ్లాడన్నమాట.

"అయితే ఇగ ఒర్రొచ్చా అక్కా?"

"ఒర్రు తమ్ముడూ."

అతను అందుకున్నాడు. మెట్ల మీంచి జనం దిగుతున్నారు, హారన్లలో అతని గొంతు మునిగిపోతోంది. నేను కూడా ఇటువైపు నుంచి తల బయటపెట్టి, "ఖాజాగూడ! ఇంకొక్కరు!" అని కేకేశాను. మీటింగుల కోసం సానబెట్టుకున్న గొంతు, బాగానే పలికింది.

ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. పక్కకు జరిగి చోటిచ్చాను. బండి కదిలింది.