పెదనాన్న వెండి నీళ్ళు

ఆ రోజుల్లో శుభ్రత సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ణి. అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఒక డేటా సెంటర్లో కొత్తగా ఉద్యోగం. సర్వర్లుండే హాల్లోకి వెళ్ళాలంటే బూట్ల దుమ్ము లాగేసే జిగురు చాప మీద నడవాలి, అట్టపెట్టెలు బయటే విప్పాలి. (నా పక్క దుప్పటి ఉతికి ఎన్నాళ్ళయిందో మాత్రం నన్ను అడక్కండి.) అలాంటి నన్ను పట్టుకుని "మురికి వెధవా, దూరంగా నిలబడు" అనగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. మా పెదనాన్న.

నేనప్పుడు ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య వాళ్ళింట్లో బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. పెదనాన్న, పెద్దమ్మ కొడుకు దగ్గరికి వచ్చి ఏడాది కావస్తోంది. ఇద్దరికీ ఇంకా సరైన ఇన్సూరెన్స్ కుదరలేదు. ఇక్కడ హాస్పిటల్ గడప తొక్కితే అన్నయ్య ఇల్లు అమ్ముకోవాల్సిందేనని ఎవరో పార్కులో చెబితే ఆయన గట్టిగా నమ్మేశాడు. అప్పుడే ఏదో వీడియోలో వెండి నీళ్ళు కనబడ్డాయి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు వెండి తీగలు వేలాడదీసి బ్యాటరీ తగిలిస్తే, కంటికి కనబడనంత సన్నని వెండి నీళ్ళలోకి దిగుతుందట, సమస్త రోగాలకీ అదే మందట. రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషికి తీగలూ బ్యాటరీలూ కనబడితే ఇంకేం కావాలి? లాండ్రీ రూమ్‌లో వాషర్ పక్కన ఫ్యాక్టరీ వెలిసింది.

ఇక ఇంట్లో మాకు బతుకు లేదు. గాజు జాడీ మరిగించాలి, సబ్బు వాసన మిగలకూడదు, పంపు నీళ్ళ చుక్క తగలకూడదు, తుడిస్తే గుడ్డ పీచు పడుతుంది కాబట్టి తుడవకూడదు. జాడీ మీద మాట్లాడకూడదు. తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తాలి. పెద్దమ్మ షవర్ క్యాప్ పెట్టుకుంటేనే లాండ్రీ రూమ్‌లోకి ప్రవేశం. ఆవాల పొగ గాల్లో తిరుగుతుందని ఆయన నీళ్ళు చేసే పూట పోపు కూడా బంద్.

"ఉప్మా ఏమిటే ఇలా ఉంది?" అని ఆయనే అడిగేవాడు.

"మీ వెండికి దిష్టి తగలకుండా చేశాను, తినండి" అనేది పెద్దమ్మ.

తయారైన నీళ్ళని గోధుమరంగు సీసాల్లో పోసి, వెలుతురు తగలకుండా బూట్ల అలమరలో దాచేవాడు. కొన్ని సీసాల్లో నీళ్ళు కొన్నాళ్ళకి పల్చటి టీ రంగుకి తిరిగేవి, ఇంకొన్ని బూడిదరంగై అడుగున మడ్డి కట్టేవి. "పాడైపోయాయి పెదనాన్నా, వెండి ముద్దకట్టి కిందికి దిగిపోయింది, పారబోద్దాం" అన్నాను ఒకసారి, ఇంటర్నెట్‌లో చదివిన ధైర్యంతో. ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆవకాయ ఊరితే పారబోస్తామట్రా? తడి చెయ్యి తగలకపోతే ఏదీ పాడవదు. నువ్వు కంప్యూటర్లు చూసుకో." నాకు జలుబు చేసినప్పుడు చెంచాడు తాగమని నిలబడ్డాడు. ఆ నీళ్ళు తాగితాగి ఒళ్ళంతా నీలంగా మారినవాళ్ళ ఫొటోలు నేనప్పటికే చూసి ఉన్నాను. నోట్లో పోసుకుని, బయటికెళ్ళి గులాబీ మొక్క మొదట్లో ఉమ్మేశాను. (మొక్కకి జలుబు చేయలేదు.)

చలికాలం మొదలయ్యాక పెద్దమ్మ వాకింగ్ మానేసింది. బయట చలి అంది, మోకాళ్ళు అంది. ఒక మధ్యాహ్నం బట్టలు వేయడానికి లాండ్రీ రూమ్‌లోకి వెళితే, ఆవిడ స్టూలు మీద కూర్చుని సాక్స్ తీస్తోంది. ముందు వాసన వచ్చింది. తర్వాత వేళ్ళు కనబడ్డాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడి ఉన్నాయి.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"కొత్త బూటు ఒరుసుకుందిరా. ఏం నొప్పి లేదు. మీ పెదనాన్న రోజూ వెండి నీళ్ళతో కడుగుతున్నాడుగా."

పాతికేళ్ళుగా షుగరున్న మనిషి నొప్పి లేదంటే అంతకంటే భయపడాల్సింది లేదని నాక్కూడా తెలుసు. "పద, కారెక్కు" అన్నాను.

"హాస్పిటల్‌కని ఆయనకి చెప్పకురా, చిన్నబుచ్చుకుంటాడు. దూదిని కూడా మరిగించి ఆరబెట్టి మరీ కడుగుతున్నాడు పాపం."

హాస్పిటల్లో డాక్టరు ఏం పూశారని అడిగింది. వెనకాలే అన్నయ్యతో వచ్చిన పెదనాన్న తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పాడు. మరిగించిన జాడీ, డిస్టిల్డ్ వాటర్, చీకట్లో సీసాలు, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. "మీ సీసా శుభ్రంగానే ఉండి ఉండొచ్చు. కానీ ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి వెళ్ళిపోయింది. అక్కడికి ఈ నీళ్ళు వెళ్ళవు" అంది మెల్లగా. ఆ మాటని నేను తెలుగులో చెప్పబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. అర్థమైంది ఆయనకి. మర్నాడు రెండు వేళ్ళూ తీసేశారు.

ఆపరేషనయ్యాక పెద్దమ్మ బట్టల కోసం పెదనాన్నని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన తిన్నగా బూట్ల అలమర ముందుకెళ్ళి కూర్చున్నాడు. ఒక్కొక్క సీసా తీసి వెలుతురులో పట్టి చూశాడు.

"ఎక్స్‌పైర్ అయినవి ఏవిరా ఇందులో?"

"అన్నీ పెదనాన్నా."

తల ఊపాడు. తీగలు కూడా నా చేతికిచ్చేసి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఆయన భయపడినట్టు అన్నయ్య ఇల్లేమీ అమ్ముకోలేదు, హాస్పిటల్ బిల్లు వాయిదాల్లో కట్టుకుంటూ వచ్చాడు.

గాయం మానాక పెద్దమ్మకి బూట్లు కొనడానికి ముగ్గురం మాల్‌కి వెళ్ళాం. బూట్ల షాపులో కుర్చీలో కూర్చుని ఆవిడ నాకేసి చూసి, "మూడు వేళ్ళ కాలికి ఏ సైజు వస్తుందో ఆ పిల్లని ఇంగ్లీషులో అడగరా" అంది. నేను కదిలేలోపే పెదనాన్న లేచాడు. షాపులో పిల్లకి తానే చెప్పాడు, తన భార్య కాలికి మెత్తటివి కావాలని, ముందు వైపు వెడల్పుగా ఉండాలని. తెచ్చిన బూటు లోపల వేలు పెట్టి చుట్టూ తడిమి, నేల మీద కూలబడి ఆవిడకి తొడిగాడు.

"ఒరుసుకుంటోందా?"

"తెలియడం లేదండీ."

"అయితే రోజూ నేనే చూస్తా. ఇంటికెళ్ళగానే సాక్స్ విప్పు."

"ఇప్పుడే విప్పనా, ఊరందరూ చూస్తారు" అంది ఆవిడ. ఆయన నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. నేను గోడకున్న సాక్సుల వైపు తిరిగి, చాలా శ్రద్ధగా ఏదో వెతుకుతున్నట్టు నటించాను. ఇప్పుడు తలచుకుంటే అప్పటి నేననే ఆ కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. కన్నీళ్ళు కనబడకుండా ముఖం తిప్పుకుని వాడు ఎంచి మరీ కొన్న సాక్సులు చిన్నపిల్లలవి.