పిన్ని గీత

మా పిన్ని మా స్కూలు పెన్సిళ్లను బ్లేడుతో సూదిలా చెక్కి ఇచ్చేది. స్టీల్ ప్లాంటు కడుతున్నారని ఐటీఐలో రెండేళ్లు ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివింది. ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంటర్వ్యూ అయ్యాక తిన్నగా వన్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చింది.

"ఉజ్జోగం వచ్చినట్టేనా?" అని అమ్మ ఆత్రంగా అడిగింది.

"నా గీత బాగుందన్నారప్పా. కానీ ఆ పనికి ఆడోళ్లని తీసుకోరంట. టైపు నేర్సుకుని వత్తే ఆపీసులో ఏత్తారంట."

నేర్చుకుంది. ఆ కంపెనీలోనే, తన క్లాసు అబ్బాయిలు గీసిన ప్లాన్లతో పాటు పంపే ఉత్తరాలు ఏళ్ల తరబడి టైపు చేసింది. మంచి ఉద్యోగమని మేమంతా మురిసిపోయాం.

పెళ్లయ్యాక పిన్నివాళ్లు గాజువాకలో ఇల్లు కట్టుకున్నారు. ప్లాన్ నువ్వే గీశావా అని అడిగాను.

"నేదమ్మా. మీ సిన్నాన్న ఎవలిసేతో గీయించీసినాడు. నన్నడగాలని ఆయనకి తోసనేదు" అంది.