రెన్యువల్ అని రాయలేదు

ఇంగ్లీషులో ఒక పనిని మళ్లీ చేయడానికి ఎన్ని మాటలున్నాయో బడిపిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. తప్పిన పరీక్షకు మళ్లీ కూర్చుంటే రీఅటెంప్ట్. ఆగిన చోటి నుంచి అందుకుంటే రెజ్యూమ్. ఉన్నది చేజారకుండా గడువు పొడిగించుకుంటే రెన్యూ. ఉన్నది వదిలేసి మొదటి నుంచి మొదలుపెడితే అది వేరే సంగతి. ఈ తేడాలు నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా బావ బతుకు మీద నేర్చుకున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చి, కంచరపాలెంలో అద్దెకుంటూ, పోర్టులో రోజుకూలీగా చేసేవాడు. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకుని తొమ్మిదేళ్లు. మూడేళ్లకోసారి కార్డు రెన్యూ చేయిస్తేనే పాత తేదీ నిలుస్తుంది. స్టీల్‌ప్లాంటు పిలుపులు ఆ తేదీల వరసలోనే వచ్చేవి. ఆసారి గడువు వారం దాటింది. ఆలస్యం మన్నించమని అర్జీ పెట్టుకోవాలి.

"నాను రాత్తే తప్పులొత్తాయి బావా. నువ్వు బీయే సదువుతన్నావు గదా," అన్నాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు.

నాకెంత పొగరో. రెన్యువల్ అనేది రేషన్ కార్డుల మాటలా అనిపించింది. ఫ్రెష్ రిజిస్ట్రేషన్ కోరుతున్నానంటూ అరపేజీ గొప్ప ఇంగ్లీషు వెలగబెట్టాను. కౌంటర్లో ఒక్క మాట అడిగి రాసుంటే సరిపోయేది. అడగడం నామోషీ. బావ చదవకుండానే సంతకం పెట్టాడు. గుమాస్తా అర్జీలో ఉన్నదే చేశాడు: కొత్త నంబరు, కొత్త తేదీ. తొమ్మిదేళ్లూ గంగలో కలిసిపోయాయి.

ఏడాది తిరక్కుండా బావతో పాటు చదివినవాళ్లకు పిలుపులొచ్చాయి. మళ్లీ అర్జీ రాస్తానన్నాను.

"ఒగ్గేయ్ బావా. నువ్వేటి రాసినా పోయిన తేదీ తిరిగొత్తాదేటి," అన్నాడు.

తిట్టుంటే బాగుండేది. తిట్టలేదని ఇప్పటికీ నాకు కోపమే. కొత్త తేదీకి వరస వచ్చేలోగా అతనికి వయసు దాటిపోయింది.

బీయే అయ్యాక నేనూ అక్కడే పేరు రాయించుకున్నాను. నా కార్డు మాత్రం గడువుకు ముందే వెళ్లి, క్యూలో నిలబడి రెన్యూ చేయించుకునేవాణ్ణి. ఆ సీనియారిటీ మీదే మాస్టరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు పట్టుకుని కంచరపాలెం వెళ్లాను. అక్క కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, కింద పెట్టేసింది.

"నీ కార్డుకి ఎంత జాగర్త పడ్డావురా తమ్ముడా," అంది.