నాకి చూసిన మాత్ర

నా కొడుకు మాత్రను నేను నాకి చూసి, కొంగుతో తుడిచి, మళ్ళీ సీసాలోనే వేశాను. దేన్నీ పాడుచేయడం నాకు చేతకాదు. కండె చివర జానెడు పోగు మిగిలినా పారేయను, ముడి వేసి మళ్ళీ వాడతాను. ఇంట్లో అందరూ నన్ను పిసినారి అంటారు. అననీ. ఆ పొదుపే ఈసారి నా కొడుకు మీదికి వచ్చింది. చదివింది మూడో తరగతి దాకే అయినా, ఇది నా చేత్తోనే రాయాలని కూర్చున్నాను. తప్పులుంటే మనవరాలు దిద్దుతుంది. ఆమె దిద్దగలిగేది అక్షరాల తప్పులే.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. నా కొడుక్కి నలభై రెండేళ్ళు. రెండేళ్ళ కింద వాడి కాళ్ళు వాచాయి. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటాడు కదా, అందుకేనని అనుకున్నాం. తరవాత పొట్ట ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి. ఒక పొద్దున గడప దగ్గర మొహం కడుక్కుంటుంటే వాడి కళ్ళలో పసుపు కనబడింది.

పసుపు నాకు బాగా తెలుసు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో పట్టుకు రంగు అద్దే పని నాది. నిమ్మపండు పసుపు వేరు, బంతిపువ్వు పసుపు వేరు. అద్ది ఆరబెట్టిన పట్టును పొద్దుటి వెలుతురులో గడప దగ్గరికి తెచ్చి చూడాలి, లోపలి బల్బు కింద ఏ రంగూ నిజం చెప్పదు. ఆ వెలుతురులోనే వాడి కంటిని చూశాను. అది ఏ చీరకూ పనికిరాని పసుపు.

లివరు గట్టిపడింది అన్నారు. కొవ్వు పేరుకుని పేరుకుని అట్లా అయిందట. వాడు కల్లు కూడా ముట్టడు. మా వీధిలో ఎవరు నమ్ముతారు? పక్కింటామె గోడ మీది నుంచే అడిగింది.

"తాగకుంట లివరు యాడ ఖరాబయితది పెద్దమ్మా? నీకు తెల్వకుంట తాగుతుండొచ్చు."

"మీ ఆయన నీకు తెలిసే దినాం తాగుతుండు గదా, ఆయనకేం కాలేదేందే మరి?" అన్నాను.

ఆమె ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నాకేమీ నష్టం కాలేదు.

కోడలు మగ్గం మీద కూర్చుంటేనే పొయ్యి వెలిగేది. కాబట్టి కొడుకును వెంటబెట్టుకుని దవాఖానకు తిరగడం నా పనైంది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో, ఇట్లా లివరు గట్టిపడినవాళ్ళ మీద కొత్త మందును పరీక్షిస్తున్నారు. మా వాణ్ణి అందులో చేర్చుకుంటామన్నారు. అక్కడి డాక్టరు మెత్తగా మాట్లాడే మనిషి.

"పెద్దమ్మా, ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరిశోధన. సగంమందికి మందున్న మాత్ర ఇస్తాం. మిగతా సగానికి అచ్చం అట్లాగే ఉండే ఉత్త మాత్ర. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం అందరికీ నడుస్తాయి" అన్నాడు.

"మా పిల్లగానికి ఏది ఇస్తుండ్రు?"

"నాకూ తెలియదు."

"ఇచ్చేటోనికి తెల్వదు, మింగేటోనికి తెల్వదు. ఇంకెవనికి తెలుసు సారూ?"

"సీసా మీద నంబరుంది. ఏ నంబరులో ఏముందో వేరేచోట దాచి ఉంటుంది. మాకు ముందే తెలిస్తే మందు తిన్నవాడు బాగైనట్టే కనబడతాడు మాకు. మన కళ్ళే మనల్ని మోసం చేస్తాయి."

నీ కళ్ళు చేస్తాయేమో అనుకున్నాను మనసులో.

అక్కడ పనిచేసే అమ్మాయి నాగర్‌కర్నూలు దిక్కుది. మా మాటే మాట్లాడుతుంది. కాగితాలన్నీ మాకు చదివి వినిపించింది. చాలాసేపు పట్టింది. నడుమ నడుమ ఆగి నా కొడుకును అడిగేది. "అర్థమైందా అన్నా? మీ ఇష్టంతోనే కదా? వద్దనిపిస్తే ఎప్పుడైనా మానుకోవచ్చు." వాడు ప్రతి కాగితం దగ్గరా ఆలోచించి తల ఊపాడు. ఈ మాత్రలు మీరే మింగాలి, వేరేవాళ్ళకు ఇవ్వకూడదు అని కూడా చదివింది. నేను విన్నాను. సాక్షి సంతకం నేనే పెట్టాను.

మాలాగే ఆ రోజు చేరినవాళ్ళు ఇంకొకరున్నారు. పెబ్బేరు పక్క ఊళ్ళో వేరుశనగ వేసుకునేవాళ్ళు, మొగుడూ పెళ్ళాం. జబ్బు ఆయనది. ఆమెకు నా కోడలి వయసుంటుంది, అయినా నన్ను అక్కా అనేది. నెలకోసారి పోయే రోజు ఇద్దరికీ ఒకటే. గద్వాలలో మేము ఎక్కిన బస్సును ఆమె పెబ్బేరులో ఎక్కేది, ఒళ్ళో ఉడికించిన పల్లీల మూట పెట్టుకుని. మొగుణ్ణి కూర్చోబెట్టి, కండక్టరుతో చిల్లరకు కొట్లాడి, నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసేది.

రెండో నెల పోయేసరికి ఆమె మొగుడి పొట్ట తగ్గింది. మా వాడి పొట్ట అట్లాగే ఉంది. మగవాళ్ళిద్దరినీ లోపల పరీక్షకు తీసుకుపోయారు. ఆ నెల సీసాలు తీసుకుని మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. నాకు మనసు ఆగలేదు.

"చెల్లె, జర నీ సీసా ఇయ్యి" అన్నాను.

మందంటే చేదుగా ఉండాలని నా లెక్క. ఆమె మాత్రను తీసుకుని పంటితో కొరికాను. కంఠం దాకా చేదు. తరవాత మా సీసా తీశాను. మా వాడి మాత్రను కొరకడానికి చేయి రాలేదు, ఒకటి పాడవుతుంది కదా. నాలుకతో నాకి చూశాను. ఏ రుచీ లేదు. సున్నపు గోడలాగా ఉంది.

"మావోనిది ఉత్తదే" అన్నాను. మూత బిగించి, సీసాను సంచిలో అడుక్కి తోశాను.

నేను అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు. ఆమే అన్నది.

"గట్ల కూసుంటవేందక్కా? మాది సగం నువ్వు తీస్కో, మీది సగం నాకియ్యి. ఇద్దరికీ సగమన్నా అందుతది."

వద్దని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. చెరి సగం అంటే నాకు న్యాయంగానే తోచింది. మా ఇళ్ళల్లో పట్టు తక్కువ వచ్చినప్పుడు రెండు మగ్గాలకూ సమంగా పంచుతాం, ఒకటి నిండి ఒకటి ఆగిపోతే మంచిది కాదని. మందు కూడా అంతేనని అనుకున్నాను.

ఆ శనివారం బీచుపల్లిలో కలుసుకున్నాం. నాకు అరగంట దారి, ఆమెకూ అంతే. ఆంజనేయస్వామికి మొక్కి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద ఆమె కొంగు పరిచింది. రెండు సీసాలూ పక్కపక్కన పోసి, చెరి సగం మార్చుకుని మళ్ళీ నింపాం. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇంట్లో కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. సీసా నా దగ్గరే ఉండేది, పొద్దున ఒకటి తీసి వాడి అరచేతిలో పెట్టేదాన్ని. తరవాతి నెల నాగర్‌కర్నూలు పిల్ల ఆమె సీసాలో మిగిలినవి చూసి ఒకటి తక్కువ వచ్చిందంటే, మట్టిలో పడింది మేడమని ఆమె అబద్ధం చెప్పింది. నేను కొరికింది అదే.

అట్లా మూడు సార్లు మార్చుకున్నాం. నా కొడుకు కాళ్ళ వాపు కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఐదో నెల ఇంకా రాకముందే పొద్దున్నే ఫోను. ఆమె ఏడుస్తోంది. మొగుడు రక్తం కక్కుకున్నాడట, హైదరాబాదుకు తెచ్చారట. నేను ఒక్కదాన్నే మొదటి బస్సెక్కాను. ఆమె దవాఖాన వరండాలో నేల మీద కూర్చుని ఉంది. మా మధ్య ఎప్పుడూ ఉండే పల్లీల మూట లేదు.

"సారు అడిగిండక్కా, గోలీలు సక్కగ మింగిండా అని. మింగిండు అని చెప్పిన. నువ్వు కూడా నోరు తెరవకు. తెరిస్తే నీ కొడుకును తీసేస్తరు."

తన మొగుడు లోపల ఆ స్థితిలో ఉన్నప్పుడు కూడా ఆమె నా కొడుకు సంగతే చూస్తోంది. నాకున్న ఆశ ఆ సీసా ఒక్కటే. లివరు మార్పించే తాహతు మాకు లేదు. నోరు మూసుకుంటే వచ్చే నెల మళ్ళీ సీసా వస్తుంది. కానీ లోపల ఆయనకు వైద్యం చేసేవాళ్ళు, ఆయన ఒంట్లో ఒకటి ఉందనుకుంటున్నారు, ఉన్నది ఇంకొకటి. డాక్టరు గదికి పోయాను.

చెప్పాను. బెంచీ, కొరకడం, నాకడం, బీచుపల్లి, మూడు సార్లు, అన్నీ. ఆయన అరుస్తాడని ఎదురుచూశాను. అరిచి ఉంటే బాగుండేది. కలం కింద పెట్టి అడిగాడు.

"నాకి చూశారా, కొరికి చూశారా?"

"ఆమెది కొరికిన. మావోనిది నాకిన."

"రెండు రకాల మాత్రల్లోనూ లోపల చేదే పెడతారు పెద్దమ్మా. పైన పూత మాత్రం ఏ రుచీ లేకుండా ఉంటుంది. మీ వాడిది కొరికినా అంతే చేదు ఉండేది."

ఒక్క మాత్రను పాడుచేయడానికి మనసొప్పక నేను చేసిన పని ఇది.

వైద్యానికి అవసరమని ఆమె మొగుడి నంబరు తెరిపించారు. సాయంత్రం డాక్టరు వరండాలోకి వచ్చి ఆమెతో, నా ముందరే చెప్పాడు. ఆయన సీసాలో మందు లేదు. మొదటి నుంచీ ఉత్త మాత్రలే. పొట్ట తగ్గింది మామూలు మందులతోనే.

"మరి మావోనిది?" అన్నాను.

"అది తెరవము. అతని ప్రాణానికి ఇప్పుడు ప్రమాదం లేదు కదా. పరిశోధన మొత్తం అయ్యాక చెబుతాం. అప్పటిదాకా నాకూ తెలియదు. ఈ మాత్రలు ఇక ఇవ్వలేం. మిగతా వైద్యం ఆగదు, పరీక్షలకు వస్తూ ఉండండి."

"రక్తం పడింది మా గోలీలతోనా సారూ?"

"గట్టిపడిన లివరుతో అట్లా అవుతుంది. కలిపినందువల్ల అయిందని చెప్పలేను. కాలేదనీ చెప్పలేను."

ఆమె మొగుడు బతికాడు. పది రోజులకు ఇంటికి తీసుకుపోయారు.

నా కొడుక్కి నేనే చెప్పాను, మగ్గం దగ్గర. వాడు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను చేతిలో ఆపి విన్నాడు.

"ఆ దవాఖాన పిల్ల నన్ను ఎన్నిసార్లు అడిగింది, యాదికున్నదా? నీ ఇష్టమేనా అన్నా, నీ ఇష్టమేనా అని. నువ్వు ఒక్కసారన్నా అడిగినవా అమ్మా?"

"నీ మంచికే గదా కొడుకా."

"మంచికో చెడుకో. మింగింది నేను."

తరవాత చాలా రోజులు వాడు పొద్దున్నే గడప దగ్గరికి రాలేదు. వెనక నీళ్ళ గోలెం దగ్గరే మొహం కడుక్కునేవాడు. నేను పోతే తల తిప్పుకునేవాడు. వాడి కళ్ళు ఏ రంగులో ఉన్నాయో నాకు తెలియకుండా పోయింది. వాడి సీసాలో మందే ఉండి ఉంటే, సగం తీసి పారబోసుకుని ఉత్త మాత్రలు తెచ్చి పెట్టాను. మందు లేకపోయి ఉంటే, ఉత్తదానికి ఉత్తది మార్చుకున్నాను. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఎన్నిసార్లు తిప్పి ఆలోచించినా తేలదు.

మొన్న పెబ్బేరు ఆమె ఫోను చేసింది. మొగుడు జొన్న గటక తాగుతున్నాడట.

"అక్కా, మీది మంచి గోలీనే అయ్యుంటే, మావోడు గింతమాత్రం బతికింది దానితోనేనేమో" అన్నది. సంతోషంగానే అన్నది. నేను ఫోను కోడలి చేతికిచ్చాను.

నిన్న పొద్దున రంగు అద్దిన పట్టుపోగుల చిలపలు ఆరవేస్తుంటే నా కొడుకు తనంతట తానే వచ్చి గడపలో నిలబడ్డాడు. బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగాడు.

"చూడు. ఎట్లున్నది?"

చూశాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. నా చేతిలో తడి పట్టు పసుపుది. కంట్లో ఉన్నది జబ్బో, ఎండో, నా చేతిలోని రంగు నీడో పోల్చుకోలేకపోయాను. పట్టు పక్కన పడేసి మళ్ళీ చూశాను. మొహం అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను.

"చెప్పమ్మా."

"తెల్వదు కొడుకా" అన్నాను.

వాడు రెప్ప వదిలేశాడు. లోపలికి పోయి మగ్గం గుంటలో దిగాడు. కొంచెంసేపటికి చప్పుడు మొదలైంది. నడుమ ఆగినప్పుడల్లా నా చేతులు కూడా ఆగిపోతున్నాయి.